పట్టేసిన టర్బో యాక్చువేటర్‌ను విడిపించడం: ముందు ఎక్కడ పట్టేసిందో తేల్చుకుని, ఆ తర్వాత స్ప్రే

తిరుపతిలో డీజిల్ బండికి టర్బో జబ్బు ఉందని మొదట చెప్పేది కొండే. అలిపిరి తనిఖీ దాటేదాకా ఏ తేడా తెలియదు. ఘాట్‌లో ఎత్తు మొదలవగానే మూడో గేరులో హాయిగా లాగాల్సిన బండి రెండో గేరు అడుగుతుంది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా ఊపు రాదు. వెనక నల్లపొగ, మీటరులో చెక్ ఇంజిన్ లైటు. పక్కకు ఆపి, తాళం తీసి, కాసేపాగి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఒకటి రెండు మలుపులు మామూలుగానే పోతుంది, ఆ తర్వాత మళ్ళీ అదే కథ. "బండి లాగతా లేదన్నా" అని ఆటోనగర్‌కు తీసుకుపోతే ఒకరు డీజిల్ ఫిల్టర్ అంటారు, ఒకరు ఇంజెక్టర్లంటారు, ఇంకొకరు నేరుగా టర్బో మార్చాలంటారు.

లోపలి షాఫ్టు విరిగితేనో, ఆయిల్ సీలు పోతేనో టర్బోకు పెద్ద పని తప్పదు. కానీ కాసేపాగి స్టార్ట్ చేస్తే బాగయ్యే ఈ రకం ఫిర్యాదులో ముందు అనుమానించాల్సింది టర్బోను కాదు, దాన్ని అదుపులో పెట్టే యాక్చువేటర్‌నూ దాని లివరునూ. అవి పట్టేసి ఉంటే ఓపిక ఉన్నవాళ్ళు ఇంటి దగ్గరే విడిపించుకోవచ్చు. ఒక్కటే షరతు: ఎక్కడ పట్టేసిందో తేలకుండా స్ప్రే డబ్బా మూత తీయకూడదు. పట్టేసే చోట్లు మూడు. ఒకటి యాక్చువేటర్ డబ్బా. రెండోది దాని రాడ్డుకూ లివరుకూ మధ్య ఉండే పిన్ను. మూడోది లివరు షాఫ్టు టర్బోలోకి దూరే చోటు నుంచి లోపలి రెక్కల దాకా. మూడింటికీ మూడు వైద్యాలు. ఒకదాన్ని బాగుచేసే మందు ఇంకోదాన్ని పాడు చేస్తుంది.

మీ బండిలో ఉన్నది ఏ రకం

సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగ టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో పక్కనున్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. ఆ గాలి ఒత్తిడి ఎక్కువైనా తక్కువైనా ఇబ్బందే కాబట్టి దాన్ని సరిచూడడానికి ఒక ఏర్పాటు కావాలి.

పాత పద్ధతి వేస్ట్‌గేట్. ఒత్తిడి హద్దు దాటగానే ఒక చిన్న తలుపు తెరుచుకుని, కొంత పొగను చక్రం మీదికి పోనీకుండా పక్కదారిన పంపేస్తుంది. రెండోది వీజీటీ. ఇందులో చక్రం చుట్టూ సన్నని రెక్కలుంటాయి. అవి మూసుకుంటే పొగ ఇరుకు సందులోంచి జోరుగా వచ్చి తక్కువ ఆర్‌పీఎంలోనే టర్బో అందుకుంటుంది. తెరుచుకుంటే ఎక్కువ ఆర్‌పీఎంలో ఒత్తిడి హద్దు మీరదు. ఒకే ఇంజిన్ రెండు రకాలుగానూ వచ్చిన బండ్లున్నాయి. 1.3 లీటర్ మల్టీజెట్‌లో 75 హెచ్‌పీది మామూలు టర్బో, 90 హెచ్‌పీది వీజీటీ. డస్టర్‌లో 85, 110 మధ్య తేడా కూడా ఇదే. స్కార్పియో ఎంహాక్‌లో ఉన్నది వీజీటీ. పేరు ఒకటే కదా అని పక్కింటివాళ్ళ బండికి చేసింది మీ బండికి చేసేయకండి.

యాక్చువేటర్లలో మూడు రకాలు. వేస్ట్‌గేట్‌కు సాధారణంగా గాలి ఒత్తిడితో రాడ్డును బయటికి తోసే డబ్బా ఉంటుంది. చాలా వీజీటీ బండ్లలో వ్యాక్యూమ్‌తో రాడ్డును లోపలికి లాక్కునే డబ్బా ఉంటుంది. కొత్త బండ్లలో మోటారు, పళ్ళచక్రాలు, సెన్సారు అన్నీ ఒకే పెట్టెలో ఉండే ఎలక్ట్రానిక్ యాక్చువేటర్ వస్తోంది. ఇన్నోవా క్రిస్టా అలాంటిదే. డబ్బాకు సన్న రబ్బరు గొట్టం మాత్రమే ఉంటే మొదటి రెండింట్లో ఒకటి. గొట్టంతో పాటు చిన్న వైరు కూడా ఉంటే వ్యాక్యూమ్ డబ్బాకే పొజిషన్ సెన్సారు తగిలించారన్నమాట. గొట్టమే లేకుండా లావుపాటి వైరు కనెక్టరు ఉంటే మూడో రకం. దాని సంగతి వేరు, చివర్లో చెబుతాను.

ఎందుకు పట్టేస్తుంది

బయటి కారణం తుప్పు. లివరు, పిన్ను, షాఫ్టు అన్నీ ఇనుమే. టర్బో మంటలా కాగుతుంది, చల్లారుతుంది, తడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. నీళ్ళు నిలిచిన రోడ్ల మీద పోయి వచ్చిన బండిని వారాల తరబడి కదపకుండా పెడితే పిన్ను బిగుసుకుంటుంది. దానికి మన మట్టిరోడ్ల ఎర్రదుమ్ము తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

లోపలి కారణం మసి. బండి లోడు మీద బాగా వేడెక్కి నడిచినంతసేపూ మసి కాలిపోతుంది, రెక్కలు ఆ చివర నుంచి ఈ చివర దాకా కదులుతుంటాయి. ఐడిలింగ్‌లో అలా కాదు. చిత్తూరు జిల్లాలో మామిడి సీజన్‌లో చూడండి: తోతాపురి లోడుతో పికప్పులు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు గంటల తరబడి క్యూలో నిలబడతాయి. అడుగు ముందుకు, పది నిమిషాలు ఆగుడు, ఇంజిన్ మాత్రం ఆఫ్ చేయరు. యాత్రికులను దించి ఏసీ వేసుకుని పార్కింగ్‌లో నిద్రపోయే టాక్సీలదీ ఇదే బతుకు. రెక్కలు గంటల కొద్దీ ఒకే చోట ఉంటాయి, వాటి చుట్టూ తడి మసి పేరుకుంటుంది. దానికి తోడు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయినా, టర్బో సీలు నుంచి కాస్త ఆయిల్ కారినా మసి రెండింతలవుతుంది. ఇవి సరిచేయకుండా లివరును మాత్రమే విడిపిస్తే నాలుగు నెలల్లో మళ్ళీ అదే పని.

సిద్ధం చేసుకోవాల్సినవి

చౌకగా దొరికే చేతి వ్యాక్యూమ్ పంపు, గేజీ ఉన్నది, ఒకటి కొనండి. ఈ పనిలో మిగతావన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. అది దొరక్కపోతే పశువుల మందుల షాపులో అమ్మే పెద్ద సిరంజి, దాని మూతికి సరిపడే గొట్టం ముక్క. సిరంజితో రాడ్డు కదులుతుందా లేదా అన్నది తెలుస్తుంది, ఎంత వ్యాక్యూమ్‌కు కదిలిందో తెలియదు. తుప్పు వదిలించే స్ప్రే, ఇత్తడి తీగల బ్రష్షు, పాత టూత్‌బ్రష్షు, రింగు పానాలు, సన్న ముక్కు ప్లయరు, అయస్కాంతం, టార్చి, గుడ్డ పీలికలు, తెల్ల పెయింటు పెన్ను. చివర్లో పూయడానికి, ఇనుము వేడికి పట్టేయకుండా కాపాడే, నికెల్ లేదా రాగి కలిసిన యాంటీ సీజ్ పేస్టు. కళ్ళద్దాలు, గ్లవుజులు తప్పనిసరి. పడుకుని పైకి స్ప్రే కొడితే ఆ చుక్కలు రాలేది కంట్లోనే.

బండి రాత్రంతా చల్లారి ఉండాలి. కొండ దిగి వచ్చి గంట ఆగాను కదా అనుకోకండి, టర్బో ఇనుము వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. తుప్పు స్ప్రేలన్నీ మండేవే. షెడ్డు తలుపులు తీసిపెట్టండి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు మొదటి పరీక్ష అయ్యాక తీయండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఇంజిన్ తిరుగుతుండగా గాలి పైపులోకి ఏ స్ప్రే కొట్టకండి. మండేది ఏది దొరికినా డీజిల్ ఇంజిన్ దాన్నే ఇంధనంగా తీసుకుంటుంది. ఒకసారి అలా పరుగందుకుంటే తాళం తీసినా ఆగదు.

మొదటి పరీక్ష: చూడడం

బానెట్ ఎత్తి ఒకరు రాడ్డు దగ్గర టార్చి పట్టుకోండి, ఒకరు స్టార్ట్ చేయండి. చాలా వ్యాక్యూమ్ రకం వీజీటీల్లో ఇంజిన్ అందుకోగానే రాడ్డు ఒక్క ఊపున డబ్బాలోకి పోతుంది, ఆఫ్ చేయగానే మెల్లగా వెనక్కి వస్తుంది. ఆ కదలిక సుమారు ఒక సెంటీమీటరు, కాస్త అటూఇటూ. రాడ్డు సగంలో ఆగినా, తడబడుతూ పోయినా, ఆఫ్ చేశాక కాసేపటికి టక్కున పడినా ఎక్కడో పట్టు ఉన్నట్టే. అసలు కదలకపోతే మాత్రం వెంటనే పట్టేసిందని తీర్పు చెప్పకండి. వ్యాక్యూమ్ రావడం లేదేమో.

వేస్ట్‌గేట్ బండిలో ఐడిలింగ్‌లో రాడ్డు కదలదు, కదలకూడదు కూడా. అక్కడ ఈ పరీక్ష చెప్పేదేమీ లేదు.

స్కానర్ అందుబాటులో ఉంటే కోడ్ చూడండి. పి0299 అంటే గాలి ఒత్తిడి రావాల్సినంత రావడం లేదు. పి0234 అంటే రావాల్సినదాని కంటే ఎక్కువ వస్తోంది. ఈ రెంటి తేడా చాలామంది పట్టించుకోరు గానీ జబ్బు సగం ఇక్కడే తెలిసిపోతుంది. వీజీటీ రెక్కలు తెరుచుకున్న స్థితిలో పట్టేస్తే కింది ఆర్‌పీఎంలో బండి చచ్చినట్టుంటుంది, మొదటి కోడ్ వస్తుంది. మూసుకున్న స్థితిలో పట్టేస్తే కింద బ్రహ్మాండంగా లాగి, ఎత్తులో గట్టిగా తొక్కేసరికి ఒత్తిడి హద్దు దాటి కంప్యూటర్ బండి గొంతు పట్టుకుంటుంది. లింప్ మోడ్ అనేది అదే. తాళం తీసి వేస్తే బాగయ్యే బండ్లలో ఈ రెండో రకం చాలా ఉంటాయి.

రెండో పరీక్ష: చేతి పంపు

ఇంజిన్ ఆఫ్. డబ్బాకు వచ్చే సన్న గొట్టం తీసి, ఆ మూతికి చేతి పంపు తగిలించండి. మెల్లగా లాగుతూ గేజీనీ రాడ్డునూ చూడండి. గేజీ మీద మూడు నుంచి ఆరు అంగుళాల (పాదరసం కొలత) దగ్గర కదలడం మొదలై, పదిహేను ఇరవై మధ్యలో చివరిదాకా పోయేవి ఎక్కువ. మీ బండి సరైన అంకె సర్వీస్ పుస్తకంలో ఉంటుంది. అంకె కంటే ముఖ్యం కదలిక తీరు. నూనె రాసినట్టు ఒకే వేగంతో పోవాలి. అలాగే ఆపి ఒక నిమిషం చూడండి, ముల్లు పడిపోకూడదు.

ముల్లు నిలబడకుండా జారిపోతుంటే డబ్బాలోని డయాఫ్రం, అంటే రాడ్డును లాగే రబ్బరు పొర, చిరిగింది. దానికి ఏ నూనే పనిచేయదు, యాక్చువేటర్ మార్చాల్సిందే. ముల్లు నిలబడింది, రాడ్డు కూడా చక్కగా కదిలింది అంటే యాక్చువేటరూ లివరూ నిర్దోషులు. అప్పుడు గొట్టాలు, డబ్బాకు వ్యాక్యూమ్‌ను వదిలే సోలెనాయిడ్ వాల్వ్, బండిలోని వ్యాక్యూమ్ పంపు, వీటిలో తప్పు వెతకాలి. పొలం పక్కన, గోడౌన్ల దగ్గర పెట్టే బండ్లలో ఎలుక కొరికిన గొట్టం చాలాసార్లు దొరుకుతుంది. యాభై రూపాయల గొట్టం ముక్కతో తీరే పనికి టర్బో విప్పించినవాళ్ళు ఉన్నారు. ముల్లు నిలబడి, రాడ్డు మాత్రం కదలకపోతే, లేదా తడబడితే, మూడో పరీక్షకు పోవాలి.

వేస్ట్‌గేట్ డబ్బాకు వ్యాక్యూమ్ కాదు, గాలి ఇవ్వాలి. గేజీ ఉన్న సైకిలు పంపు చాలు. సుమారు ఒక బార్ దగ్గర రాడ్డు బయటికి రావడం మొదలుకావాలి. ఒకటిన్నర దాటించకండి. పంక్చర్ షాపు కంప్రెసర్ గొట్టం నేరుగా పెడితే బాగున్న డయాఫ్రం కూడా చిరిగిపోతుంది.

మూడో పరీక్ష: విడదీసి కదపడం

అసలు నిజం ఇక్కడ బయటపడుతుంది. రాడ్డు చివర లివరు పిన్ను మీద చిన్న క్లిప్పు ఉంటుంది. దాన్ని తీసేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టి, అయస్కాంతం దగ్గర పట్టుకోండి. అది ఎగిరి ఇంజిన్ కిందెక్కడో పడితే పూటంతా దాన్ని వెతకడానికే సరిపోతుంది. ముందు ఫొటో తీసుకోండి.

రాడ్డు మీద మరలు, బిగింపు నట్టు ఉంటాయి. లివరు ఆగే చోట ఒక చిన్న స్టాప్ స్క్రూ ఉంటుంది, దానికి ఫ్యాక్టరీ పెయింటు సీలు కూడా ఉండొచ్చు. ఈ రెండింటినీ తాకకండి. స్టాప్ స్క్రూ కాస్త తిరిగితే రెక్కలు ఎంతవరకు మూసుకోవాలన్న లెక్క తప్పుతుంది. దాన్ని సరిగ్గా మళ్ళీ పెట్టాలంటే టర్బోను ఫ్లో బెంచి, అంటే గాలి ప్రవాహం కొలిచే యంత్రం, మీద పెట్టి కొలవాలి. ఎవరైనా పొరపాటున తిప్పినా తెలిసేలా పెయింటు పెన్నుతో అడ్డంగా గీత గీసి పెట్టండి.

రాడ్డు విడిపోయాక లివరును ఒక్క వేలితో అటూఇటూ ఆడించండి. వీజీటీ లివరు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా గీరుకోకుండా పోవాలి, రెండు చివరలా ఇనుముకు ఇనుము తగిలినట్టు టక్కుమనాలి. వేస్ట్‌గేట్ లివరు కూడా అంతే తేలిగ్గా తిరగాలి. అలా తిరిగితే లోపల బాగుంది, తప్పు డబ్బాలోనో పిన్నులోనో ఉంది. ఇప్పుడు ఒంటరిగా ఉన్న డబ్బాకు మళ్ళీ పంపు పెట్టండి. రాడ్డు ఇప్పుడు చక్కగా పోతోందంటే పిన్నే దొంగ. ఇప్పుడూ పోకపోతే డబ్బా లోపలి స్ప్రింగు తుప్పుపట్టింది, డబ్బా మార్చాలి. లివరే కదలకపోయినా, ఒక చోట దాకా వచ్చి మెత్తగా ఆగిపోయినా పట్టు షాఫ్టు దగ్గరో రెక్కల్లోనో ఉంది. మెత్తగా ఆగడం మసి లక్షణం. అసలు కదలకుండా రాయిలా ఉండడం ఎక్కువగా తుప్పు లక్షణం.

విడిపించడం

ముందు యాక్చువేటర్ డబ్బాకు, రాడ్డు దూరే రంధ్రానికి పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. తుప్పు స్ప్రేలోని ద్రావకం డయాఫ్రం రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. పట్టేసింది కదా అని డబ్బా రంధ్రంలోకే స్ప్రే కొడితే వారం రోజులు బాగుండి, ఆ తర్వాత డయాఫ్రం పోతుంది. పక్కనున్న వైర్ల కనెక్టర్లనూ కప్పండి.

పిన్ను, లివరు షాఫ్టు టర్బోలోకి దూరే చోటు, ఈ రెండింటి మీద తుప్పునూ మట్టినీ ఇత్తడి బ్రష్షుతో గీకేయండి. పొడి తుప్పు అలాగే ఉండగా స్ప్రే కొడితే అది ముద్దయి సందును ఇంకా మూసేస్తుంది. ఆ తర్వాత సన్న గొట్టంతో షాఫ్టు చుట్టూ కొద్దిగా కొట్టండి. ఇరవై నిమిషాలు వదిలేయండి. మళ్ళీ కొట్టండి. ఇక్కడ పని చేసేది మన బలం కాదు, కాలం. సాయంత్రం కొట్టి పొద్దున వచ్చి చూస్తే ఎంతో తేడా కనిపిస్తుంది.

ఇప్పుడు లివరును వేళ్ళతో పట్టుకుని అటు ఒక వెంట్రుకవాసి, ఇటు ఒక వెంట్రుకవాసి. తుప్పుపట్టిన తాళంలో చెవి తిప్పినట్టే: ఒకే వైపు బలంగా తిప్పితే విరుగుతుంది, అటూఇటూ ఆడిస్తే వదులుతుంది. వేళ్ళకు అందకపోతే చిన్న రింగు పానా లివరుకు తగిలించి వాడండి. పొడుగు పానా వద్దు, దాని చివర చేతికి ఎంత బలం పెడుతున్నామో తెలియదు. లోపల రెక్కలను తిప్పే రింగుకు తగిలే చిన్న వేలు లాంటి ముక్క వంగితే బయట లివరు కదులుతుంది గానీ లోపల రెక్కలు కదలవు. ఆ మాయ కనిపెట్టడం చాలా కష్టం. సుత్తితో కొట్టవద్దు. గ్యాస్ మంట అసలే వద్దు. అక్కడంతా స్ప్రే తడి ఉంది.

కదలడం మొదలయ్యాక తొందరపడి వదిలేయకండి. కొద్దిగా స్ప్రే, పది ఇరవై సార్లు ఆడించడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ స్ప్రే. మొదట ఎర్రని తుప్పు నీళ్ళు వస్తాయి, లోపలి మసి కరిగితే సిరాలాంటి నల్లటి ద్రవం కారుతుంది. కారేది తేటబడేదాకా, లివరు రెండు చివరలా గట్టిగా టక్కుమనేదాకా చేయాలి. ఒక చివర మెత్తగా ఆగుతుంటే అక్కడ ఇంకా మసి ఉన్నట్టే. పిన్ను ఒక్కటే పట్టేసిన బండి అయితే ఇంత లేదు: పిన్ను బయటికి తీసి, సన్నని ఉప్పు కాగితంతో నున్నగా చేసి, రాడ్డు రంధ్రాన్ని శుభ్రం చేస్తే అరగంటలో అయిపోతుంది.

లోపలి మసికి వంటగది ఓవెన్ క్లీనరు పనిచేస్తుందని కొందరు చెబుతారు. అందులో కాస్టిక్ సోడా ఉంటే అది అల్యూమినియాన్ని తినేస్తుంది. గాలి నొక్కే చక్రం, దాని గుల్ల అల్యూమినియంవే. బండి మీదనే ఉన్న టర్బోలోకి దాన్ని కొట్టడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. బీఎస్6 బండి అయితే ఏ ద్రావకాన్నీ లోపలికి ఎక్కువ పోయకూడదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ డీజిల్ బండ్లలో టర్బో తర్వాత పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది, పోసిందంతా పోయి చేరేది అందులోనే.

ఏది పూయాలి, ఏది పూయకూడదు

మామూలు గ్రీజు పూస్తే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. లిథియం గ్రీజు రెండు వందల డిగ్రీల లోపే కరిగి కారిపోతుంది. గట్టి లోడు మీద టర్బోలోకి వచ్చే పొగ ఏడెనిమిది వందల డిగ్రీలు ఉంటుంది. అంటే గ్రీజు కాలి, గట్టి మసిగా మారి, మనం ఇప్పుడే తీసిన పట్టును మళ్ళీ మనమే తయారు చేసినట్టవుతుంది. ఇంజిన్ ఆయిలూ అంతే. డబ్ల్యూడీ40 లాంటి స్ప్రే విడిపించడానికి మంచిదే, కందెనగా నిలవదు. మొదటి వేడికే ఆవిరైపోతుంది. మాలిబ్డినం కలిపిన నల్ల గ్రీజు కూడా ఈ వేడికి గాలి తగిలే చోట నిలవదు.

బయటి పిన్నుకూ, షాఫ్టు బయటికి కనిపించే చోటుకూ నికెల్ యాంటీ సీజ్ మంచిది. రాగిది కూడా పరవాలేదు. అగ్గిపుల్ల కొనతో తీసుకుని పలచగా రాయండి, లివరు పదిసార్లు ఆడించి, పైకి వచ్చిందంతా తుడిచేయండి. ఎక్కువ రాస్తే దుమ్ము అంటుకుంటుంది. అంతే, ఇంకెక్కడా ఏమీ పూయక్కర్లేదు. లోపలి రెక్కలను తయారుచేసినవాళ్ళే పొడిగా తిరిగేలా చేశారు. అక్కడికి కందెన పంపాలన్న ఆశ వదులుకోండి. శుభ్రంగా ఉండడమే వాటికి కావాల్సింది.

ఎలక్ట్రానిక్ యాక్చువేటర్ అయితే

రాడ్డు తగిలి ఉండగా లివరును చేత్తో బలవంతంగా తిప్పకూడదు. లోపలి పళ్ళు అరిగిపోతాయి. బ్యాటరీ వైరు తీసి, లింకును విడదీసి, టర్బో వైపు లివరును మాత్రమే పైన చెప్పినట్టు చూడండి. అది వేలితో తిరుగుతుంటే తప్పు పెట్టెలో ఉంది. పెట్టె లోపలికి స్ప్రే పనికిరాదు, సర్క్యూట్ బోర్డు కూడా అందులోనే ఉంటుంది. చాలాసార్లు కథ తిరగేసి ఉంటుంది: లివరు బిగుసుకుపోవడం వల్ల మోటారు మీద భారం పడి పెట్టె పోతుంది. అందుకే కొత్త పెట్టె బిగించే ముందు లివరు తేలిగ్గా తిరుగుతోందో లేదో చూసి తీరాలి. కొత్తది బిగించాక లివరు రెండు చివరలూ ఎక్కడో స్కానర్‌తో బండి కంప్యూటర్‌కు నేర్పించాలి. ఆ పని చేయగల స్కానర్ ఉన్న చోటికే బండి తీసుకుపోండి.

తిరిగి బిగించి నడిపి చూడడం

క్లిప్పు గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో గోటితో తడిమి చూడండి. గొట్టం తగిలించే ముందు చేతి పంపుతో మరోసారి పరీక్ష. ఇప్పుడు రాడ్డు మొదటి చూపులో ఉన్నట్టు కాకుండా జారినట్టు పోవాలి. కవర్లు, పీలికలు అన్నీ తీశారో లేదో లెక్క చూసుకోండి. బండిని ఆరుబయట పెట్టి స్టార్ట్ చేయండి. మిగిలిన స్ప్రే కాలి కాసేపు తెల్లపొగ, ఘాటు వాసన వస్తాయి. పది నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, బానెట్ తెరిచి, పొగ టర్బో మీది నుంచే వస్తోందా, ఇంకెక్కడి నుంచైనా వస్తోందా చూడండి. ఇసుక బకెట్టో, ఫైర్ ఎక్స్‌టింగ్విషరో పక్కన ఉండాలి.

పరీక్షకు తిరుమల ఘాట్ అనుకూలం కాదు. ఎక్కేటప్పుడు ముందూ వెనకా బస్సులు, పైగా ఇన్ని నిమిషాల కంటే ముందు చేరకూడదన్న లెక్క ఉంది. 1944లో వేసిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగడానికే కాబట్టి అక్కడ టర్బోకు పనే ఉండదు. తిరుపతి వాళ్ళు చంద్రగిరి దాటి పాకాల వైపు పోయే హైవే మీద, చిత్తూరు వాళ్ళు బెంగళూరు రోడ్డులో మొగిలి ఘాట్‌కు ముందు, తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు చూడండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక మూడో గేరులో 1500 ఆర్‌పీఎం నుంచి 3500 దాకా గట్టిగా తొక్కండి. ఎక్కడా వెనక్కి లాగినట్టు కాకుండా ఒకే ఊపున పోవాలి. కాస్త నడిపి మళ్ళీ అదే. మొదటి రెండుసార్లు వెనక నల్లపొగ రావడం మామూలే, కదిలిన మసి బయటికి పోతుంది. లైటు మళ్ళీ వెలిగితే కోడ్ చూడండి. పాత కోడ్ చెరపకుండా నడిపితే అది కొత్తదో పాతదో తేలదు, అందుకే బయలుదేరే ముందే చెరిపేయండి.

ఇంటి దగ్గర తేలనివి

రెండు రాత్రులు నానబెట్టినా లివరు కదలకపోతే, లేదా కదిలి పది రోజులకు మళ్ళీ బిగుసుకుంటే, మసి రెక్కల దగ్గర గట్టిపడింది. టర్బో దించి పొగ వైపు గుల్లను విడదీసి శుభ్రం చేయాల్సిందే. టర్బో షాపులో ఇచ్చేటప్పుడు మూడు విషయాలు అడగండి: మధ్య భాగం విప్పితే మళ్ళీ బ్యాలెన్స్ చేస్తారా, స్టాప్ స్క్రూ కదిపితే ఫ్లో బెంచి మీద సరిచేస్తారా, పాత భాగాలు నాకు చూపిస్తారా. మొదటి రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే ఇంకో షాపు చూడండి. దించినప్పుడే గాలి వైపు చక్రాన్ని పట్టుకుని ఇరుసు ఆట కూడా చూడమనండి. రెక్కలు గుల్లకు గీరుకున్న గుర్తులుంటే శుభ్రం చేసి ప్రయోజనం లేదు.

లివరు విడిపోయిన బండికి ఆ తర్వాత చేయాల్సింది కొంచెమే. ఆయిల్ మార్చిన ప్రతిసారీ చేతి పంపుతో రాడ్డును నాలుగుసార్లు ఆడించి చూడమని మీ మెకానిక్‌కు చెప్పండి, రెండు నిమిషాల పని. వారానికి ఒకసారైనా ఇంజిన్ వేడెక్కాక హైవే మీద పావుగంట గట్టిగా నడపండి. మామిడి క్యూలో గంట దాటే ఆగుడు ఉంటే ఇంజిన్ ఆఫ్ చేయండి. ఎయిర్ ఫిల్టర్ మార్చే గడువు కంపెనీ పుస్తకంలో ఎంత ఉన్నా, మట్టిరోడ్ల మీద తిరిగే బండికి అంతకంటే ముందే మార్చండి.